నీళ్ళొచ్చిన రోజుల లెక్క: కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య విభాగానికి బహిరంగ లేఖ

కేంద్ర జలశక్తి మంత్రిత్వశాఖ, తాగునీటి, పారిశుద్ధ్య విభాగం అధికారులకు,

అయ్యా, అమ్మా,

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని ఒక పల్లె నుంచి ఈ లేఖ రాస్తున్నాను. ముప్పై రెండేళ్ళు బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ప్రస్తుతం మా పంచాయతీలో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ సభ్యుణ్ణి. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో ఊరి నీటికి యజమాని ఆ కమిటీయేనని మీరు రాశారు కాబట్టి, ఆ యజమాని హోదాలోనే నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాను.

చేసిన పనిని చేసినట్టు ఒప్పుకోవడం మర్యాద. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి ఈ మిషన్‌ను ప్రకటించేనాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 3.23 కోట్లకు, అంటే నూటికి పదిహేడు ఇళ్ళకు మాత్రమే కుళాయి ఉండేది. ఇవాళ ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఇంత తక్కువ కాలంలో ఇన్ని గుమ్మాల దాకా పైపు లాగడం చిన్న విషయం కాదు. మనిషికి రోజుకు 55 లీటర్లు, భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన నాణ్యతతో, క్రమం తప్పకుండా, దీర్ఘకాలం అందితేనే అది పనిచేసే కుళాయి అని మీరు రాసుకున్న నిర్వచనం కూడా నిక్కమైనదే. దానిలో ఒక్క అక్షరం మార్చమని నేను అడగబోవడం లేదు. నిర్వచనం ఒకటి రాసుకుని లెక్క మరొకదానికి కడుతున్నారన్నదే నా అభ్యంతరం.

మా వీధిలో కుళాయి బిగించిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. సిమెంటు రోడ్డు వారగా జేసీబీతో కాలువ తీసి, నల్లటి పైపు పరిచి, ప్రతి గుమ్మం ముందూ చిన్న సిమెంటు దిమ్మె కట్టి గొట్టం నిలబెట్టారు. మూడోనాడు ఒక కుర్రవాడు సెల్‌ఫోను పట్టుకొచ్చి, ఇంటి ఆడవారిని ఆ గొట్టం పక్కన నిలబెట్టి ఫోటో తీసి, ఆధార్ నంబరు రాసుకుని వెళ్ళాడు. మా పక్కింటి పెద్దమ్మ, ఫోటో అన్నారు కదా అని, ఇత్తడి బిందె చింతపండుతో తోమి తెచ్చి గొట్టం కింద పెట్టింది. “బిందె అక్కర్లేదమ్మా, నీళ్ళు ఇంకా రావు” అన్నాడు కుర్రవాడు. “నీళ్ళు రానప్పుడు ఫోటో దేనికి నాయనా?” అని ఆవిడ అడిగింది. అతని దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన పనీ లేదు. అతనికి అప్పజెప్పింది ఫోటోలు తీయడం. మా వీధిలో మొదటి బిందె నిండింది ఆ తర్వాత నాలుగు నెలలకు. ఊరంతటికీ నీళ్ళు అందుతున్నాయని గ్రామసభ తీర్మానం చేయాలన్నారు, చేశాం. చేతులెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. తీర్మానం చేయకపోతే మిగతా పని ఆగిపోతుందేమోనన్న భయం అప్పట్లో అందరికీ ఉండేది.

మా ప్రాంతం సంగతి తెలియనివారు ఇదంతా కొత్త పథకానికి ఉండే బాలారిష్టం అనుకోవచ్చు. మా నీటి కథ కొత్తది కాదు. నీటిలోని ఫ్లోరైడ్ మితిమీరి పళ్ళూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్, ఈ దేశంలో ఒక ప్రాంతపు జబ్బుగా వైద్య పత్రికకు ఎక్కింది 1937లో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల మీద రాసిన వ్యాసంతో. ఆనాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలే 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. మనుషులకంటే ముందు ఎడ్లు కాళ్ళు పట్టేసి కాడి కింద నడవలేకపోతున్నాయని రైతులు పసిగట్టారని మా పెద్దలు చెప్పేవారు. మా ఊళ్ళోనూ మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చే ముసలివాళ్ళను చూస్తూ పెరిగాను. బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లలకు గారపళ్ళు. నవ్వొచ్చినప్పుడు చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళేది. ఏటా తీసే తరగతి ఫోటోల్లో నోరు విప్పి నవ్విన మొహం వెతికినా దొరకదు.

దీనికి కారణం భూమిలోనే ఉంది. మా కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. సున్నపు శాతం బాగా ఉన్న నీరు దాన్ని కొంత అదుపులో ఉంచుతుంది. సున్నం తగ్గి క్షారం పెరిగిన నీటిలోకి అది తేలిగ్గా దిగుతుంది. వాన తక్కువై, బోరు లోతు పెరిగేకొద్దీ, ఎన్నో ఏళ్ళుగా రాతిని నానబెడుతున్న నీళ్ళే పైకి వస్తాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మీ ప్రమాణం చెబుతోంది. కాచి తాగితే పోతుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. కాస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుందే తప్ప పోదని ఎన్నిసార్లు చెప్పినా, డాక్టరు కాచిన నీళ్ళే తాగమన్నాడని అంటారు. డాక్టరు చెప్పింది విరేచనాలకు. ఆ మాట వీళ్ళు కీళ్ళనొప్పులకు కూడా వర్తింపజేసుకున్నారు.

నివారణ పద్ధతి తెలియక ఇన్నేళ్ళు గడిచాయా అంటే, కాదు. పటికా సున్నమూ కలిపి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970ల్లోనే రూపొందించింది. దానికి ‘నల్లగొండ విధానం’ అని పేరు; అంటే ఇప్పటి తెలంగాణలోని నల్లగొండ జిల్లా రోగమే ఆ వైద్యానికి పేరు పెట్టింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో దాన్ని వాడి చూశారు. పేరిచ్చిన నల్లగొండలో మాత్రం అది జనం దాహం తీర్చలేకపోయింది. రోజూ నీటిని బట్టి మోతాదు చూసి పటిక వేసే మనిషి కావాలి, అడుగున దిగిన మడ్డిని తీసి దూరంగా పారబోసే మనిషి కావాలి, ఆ మనిషికి నెల తిరిగేసరికి జీతం అందాలి. యంత్రం ఇచ్చినవారు మనిషిని ఇవ్వలేదు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి నిలబడ్డారు. నీటి గోడు దేశానికి వినిపించడానికి ఆ జిల్లా ఎంచుకున్న దారి అది. ఆ ఏడాదే పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్ళు మాత్రం అంత చురుగ్గా రాలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు ఆ పల్లెల నల్లాల్లోకి చేరాకే అక్కడి పసిపిల్లలకు బోరునీటి పీడ తగ్గింది.

అందుకే మా వాదన ఇది: ఈ దేశంలో తాగునీటి పథకాలు ప్రారంభోత్సవం నాడు చెడిపోవు, ఆ తర్వాతి మామూలు రోజుల్లో చెడిపోతాయి. మీ విభాగానికి ఇది తెలియని విషయం కాదు. ఈ మిషన్‌కు ముందు నడిచిన జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమం మీద, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2018లో ఇచ్చిన నివేదికలో, 2012 నుంచి 2017 వరకు 81,168 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టినా, మనిషికి 40 లీటర్లు అందే ఆవాసాల వాటా పెరిగింది 8 శాతమేనని ఉంది. అంతకుముందు కట్టినవి ఒకవైపు ఎండిపోతుంటే మరోవైపు కొత్తవి కడుతూ పోయాం. మీరే 2022లో జరిపించిన పనితీరు అంచనాలో, చూసిన ఇళ్ళలో 86 శాతం చోట్ల కుళాయిలు పనిచేస్తున్నాయని, వాటిలోనూ క్రమం తప్పకుండా నీరు వచ్చేవి 80 శాతమేనని తేలింది. ఆ అంచనా మంచి పని. అయితే అది ఎప్పుడో ఒకసారి జరిగే పరీక్ష. ఊరూరా కుళాయిల లెక్క చూపే మీ ఆన్‌లైన్ డ్యాష్‌బోర్డు మాత్రం రోజూ వెలుగుతుంటుంది. ఆ డ్యాష్‌బోర్డులో ఒకసారి బిగించిన కుళాయి చిరంజీవి. మే నెలలో మా రెండు బోర్లలో ఒకటి ఎండిపోయి, ట్యాంకీ సగం కూడా నిండక, ఎగువ వీధివాళ్ళు మోటార్లు పెట్టి లాగుతుంటే దిగువనున్న ఎస్సీ కాలనీకి చుక్క దిగని రోజున కూడా మా ఊరు మీ తెరమీద నూటికి నూరు మార్కులతో పచ్చగా ఉంటుంది.

ఇక నాణ్యత సంగతి. ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టె చేతికిచ్చి, ఊరి నీటిని ఊరే పరీక్షించుకునేలా చేయాలన్నది మీ మిషన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన. మా ఊళ్ళో ఆ శిక్షణకు వెళ్ళినవారిలో మా కోడలు ఒకతె. పరీక్షనాళికలో నీళ్ళు పోసి, మందుచుక్కలు వేసి, ఎర్రదనం తగ్గి పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టని నాకు చూపించింది. డిగ్రీ దాకా విజ్ఞానశాస్త్రం చదివినవాణ్ణి, మా తాతలు తాగిన విషాన్ని కళ్ళారా చూడటం నాకదే మొదటిసారి. ఆ సంబరం ఒక్క ఏడాదే. పెట్టె ఇప్పటికీ అంగన్‌వాడీ బీరువాలో భద్రంగానే ఉంది. ఫ్లోరైడ్ మందు సీసా మీద గడువు తేదీ దాటిపోయింది. కొత్త సీసా కోసం కమిటీ తరఫున రెండు అర్జీలు రాశాం. మొదటిదానికి, సరఫరా రాగానే పంపుతామని నోటిమాటగా చెప్పారు. రెండోదానికి అదీ లేదు. ఒక చిన్న సీసా ఖరీదు ఎంతో నాకు తెలియదు గానీ, కుళాయి దగ్గర తీసిన ఫోటోలను దాచడానికి అయ్యే ఖర్చుకంటే ఎక్కువ ఉంటుందనుకోను.

సీసా లేక, కుళాయి నీటి మీద నమ్మకం లేక, ఊరు మొత్తం ఆర్వో ప్లాంటు క్యాన్ల మీద పడింది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళకు మంచి నీటి వనరు దొరికేదాకా మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల శుద్ధజలం ఇచ్చే ప్లాంటు పెట్టవచ్చని మీ మార్గదర్శకాలే అనుమతించాయి. అది తాత్కాలికమని కూడా అందులోనే రాశారు. మా దగ్గర తాత్కాలికం ఎన్నేళ్ళనేది ఎవరూ చెప్పడం లేదు. కొనగలిగినవారు తాగడానికీ వండడానికీ క్యాన్ నీళ్ళే వాడతారు. కూలికి పోయే ఇళ్ళలో తాగడానికి మాత్రం క్యాన్, అన్నానికీ పప్పుకీ బోరునీళ్ళు. అన్నం ఉడుకుతూ ఆ నీటినంతా పీల్చుకుంటుందన్న సంగతి వారికి ఎవరు చెప్పాలి? ఆ ప్లాంటు వదిలేసే ఉప్పునీటిని తిన్నగా పక్కనున్న గుంటలోకి వదులుతున్నారు. తీసినదంతా చిక్కబడి మళ్ళీ అదే భూమిలోకి ఇంకుతోంది.

పారిశుద్ధ్యం గురించి రాయకుండా ఈ లేఖ పూర్తికాదు, నీళ్ళు లేని మరుగుదొడ్డి గది మాత్రమే కాబట్టి. 2014 అక్టోబరు 2 నుంచి ఐదేళ్ళలో స్వచ్ఛ భారత్ కింద దేశంలో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు. చెంబు పట్టుకుని చీకటి కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ బాధ తెలిసినవాడిగా దానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ అక్కడా ఫోటోయే గీటురాయి అయింది. 12,000 రూపాయల ప్రోత్సాహకం గోడా తలుపూ చూసి వచ్చింది. నేల కింద ఏముందో ఎవరూ చూడలేదు. మనిషి చెయ్యి పెట్టనక్కర లేకుండా ఒక గుంట నిండితే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఎరువుగా మార్చుకునే జంట గుంటల పద్ధతి మన దేశానికి అచ్చంగా సరిపోయేది. మా రాతినేలలో ఒక గుంట తవ్వడానికే కంప్రెషర్ తేవాలి. రెండోది చాలామంది ఎగ్గొట్టారు. కొందరు గోతిని అన్నివైపులా సిమెంటుతో మూసి సెప్టిక్ ట్యాంకు అన్నారు. ఇప్పుడవి ఒక్కొక్కటే నిండుతున్నాయి. పట్నం నుంచి వచ్చే ట్యాంకరు బండి తోడుకెళ్ళి పోసేది మా వాగులోనే. బండి రాని సందుల్లోకి మనిషిని దింపుతారేమోనని నా భయం. పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టం చేసుకున్న దేశంలో, 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. మా వీధి చివర మూడు మరుగుదొడ్లలో కందికట్టె పేర్చి ఉంది. బద్ధకం అని తేలిగ్గా అనేయకండి. వీధి పంపు నుంచి మోసుకొచ్చిన బిందెను దేనికి వాడాలో ఆ ఇంటి ఆడమనిషి రోజూ తేల్చుకుంటుంది, వాడకంలో మరుగుదొడ్డి వంతు చివర వస్తుంది.

2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి బడ్జెట్ ప్రసంగంలో ఈ మిషన్‌ను 2028 వరకు పొడిగిస్తూ, ఇకపై కట్టడాల నాణ్యత మీద, నిర్వహణ మీద దృష్టి పెడతామని చెప్పినప్పుడు మాకు కొంత ధైర్యం కలిగింది. అదే రోజు బయటపడిన మరో అంకె ఆ ధైర్యాన్ని తగ్గించింది. 2024-25కు మొదట కేటాయించిన 70,163 కోట్లను సవరించిన అంచనాల్లో 22,694 కోట్లకు కుదించారు. పనుల నాణ్యతపై అనుమానాలుంటే విచారణ జరపండి, తప్పు చేసినవారి నుంచి వసూలు చేయండి. కానీ డబ్బు ఆగితే ముందు ఎండేది చివరి వీధి కుళాయేనని మరవకండి.

మేము కోరేది పెద్ద జాబితా కాదు. మీ డ్యాష్‌బోర్డులో ప్రతి ఊరికీ ఎన్ని కుళాయిలు అన్న అంకె పక్కన, గత నెలలో ఎన్ని రోజులు నీరు వచ్చింది అన్న అంకెను కూడా చేర్చండి. ఆ అంకెను కాంట్రాక్టరో ఇంజినీరో కాకుండా కమిటీలోని మహిళలు నమోదు చేసేలా చూడండి. ఎండాకాలంలోనూ వానలు పోయాకా ప్రతి బోరు ఫ్లోరైడ్ ఫలితం పంచాయతీ ఆఫీసు గోడ మీద రంగుతో రాయించండి. మా వాటర్‌మన్ తెల్లవారుజామున నాలుగింటికి లేచి కరెంటు వచ్చే వేళ చూసుకుని మోటారు వేస్తాడు, వాల్వులు తిప్పుతాడు, బ్లీచింగ్ కలుపుతాడు, పైపు పగిలితే నడుములోతు బురదలో దిగుతాడు. కోట్ల పథకం చివర్లో నిలబడ్డ ఆ ఒక్క మనిషి జీతం నెలలు నెలలు బాకీ పడకుండా, పథకం ఖర్చులోనే దానికొక పద్దు రాయండి. నాణ్యత చెడిన ఆవాసాలకు నది నీరు తేవడంలో మొదటి వంతు ఇవ్వాలని మీరే రాసుకున్నారు కాబట్టి, ఆ వరుసలో 1937 నుంచి నిలబడి ఉన్న ఊళ్ళు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. శ్రీశైలం నీటిని నల్లమల కింద సొరంగాల్లోంచి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు మీదే మా ఆశ. దాని పూర్తి బాధ్యత మీది కాదని తెలుసు, దాని నుంచి తాగునీటి పైపుకు మీ నిధులు సిద్ధంగా ఉండాలన్నదే మా మనవి.

తాగునీరు పొందడం జీవించే హక్కులో భాగమని, దాన్ని అందించడం రాజ్యం బాధ్యతని సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో చెప్పింది. అది కూడా హైదరాబాదు తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కేసులో, అంటే మన నేల మీద పుట్టిన వ్యాజ్యంలోనే. కనుక మేము రాసేది దయకోసం కాదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను.

ఈ లేఖతోపాటు మా ఇంటి గోడ క్యాలెండరులోని మూడు పేజీలు, మార్చి, ఏప్రిల్, మే, జతచేస్తున్నాను. నీళ్ళు వచ్చిన తేదీ చుట్టూ మా కోడలు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఏప్రిల్‌లో పదకొండు సున్నాలున్నాయి, మేలో ఆరు. సున్నా పక్కన చిన్న టిక్కు ఉన్న రోజున రెండు బిందెలకు మించి రాలేదని అర్థం. పరిశీలించాక ఆ పేజీలను దయచేసి తిరిగి పంపండి. వెనకవైపు పాల లెక్క ఉంది, ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు
ఒక గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ సభ్యుడు,
ఉమ్మడి ప్రకాశం జిల్లా